ఆవగింజంత కంటిపాప

ఎండదెబ్బ అన్నరు అందరు.
వానలు మొగం చాటేసి పదిరోజులు,
పత్తిచేను గట్టు మీద కుర్మూర్తిని పండబెట్టి
ఒకరు తువ్వాలతోని ఇసురుతున్నరు,
ఒకరు ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రాస్తున్నరు.
ఆశా బ్యాగు సంకల పెట్టుకొని నేను ఉరికొచ్చేసరికి
అలివేలు కొంగుతోని మొగని మూతి తుడుస్తున్నది.
తుడిచినకొద్దీ ఊరుతున్నది.

ఎండదెబ్బైతే నోరు ఎండాలె గద,
గిట్ల ఊరుతదా?

వంగి చూసిన.
ఎండల ఎవలి కంటిపాపైనా చిన్నదైతదని
అరచెయ్యి అడ్డం పెట్టి నీడ చేసిన.
నీడల గూడ అది ఇచ్చుకోలే.
రెండు కండ్లల్ల రెండు ఆవగింజలు.
ఈగ వాలిన బర్రె తోలు లెక్క
దండచెయ్యి కండ తనంతల తానే ఎగురుతున్నది.
రొమ్ముల పిల్లి గురక.

"పొద్దుగాలసంది ఎన్ని పంపులు కొట్టిండే?"
"పద్నాలుగు."
లెక్క ఆమె కాడనే ఉంటది, నీళ్లు మోసేది ఆమెనే.
పంపు మూతకు వాచరు పోయి నెలైందట,
రేపు ఏపిద్దాం, ఎల్లుండి ఏపిద్దాం.
అంగీ వీపంత తడిసి ఒంటికి అతుకున్నది.
చెమట అనుకున్నం అందరం.
చెమటకు ఆ వాసన ఉండదు.

సాయిలు ఉప్పునీళ్ల చెంబు పట్టుకొచ్చిండు:
"కక్కిపియ్యాలె, కక్కిపియ్యాలె!"
తాగింది ఆయన నోరు కాదు సాయిలూ, తోలు.
తోలు ఎట్ల కక్కుతది?
నోటితోని తాగినోనికైనా గట్ల పొయ్యొద్దు,
సోయి తప్పేటోని గొంతుల పోసింది
కడుపుకు పోదు, ఊపిరికి పోతది.
చెంబు కింద పెట్టు. నూటెనిమిదికి కొట్టు.

బ్యాగుల గ్లౌజులు ఒక్కటే జత.
అలివేలుకు ఒకటి, నాకొకటి.
కొడవలితోని అంగీ కోసినం, లాగు గూడ.
ఆడోళ్లు అటు తిరిగిండ్రు.
సిగ్గు రేపు పడొచ్చు, మనిషుంటే.
ఆ పూట కరెంటు ఉండె, బోరు పోస్తుండె,
సద్ది గిన్నె తోమే సబ్బుముక్క అరిగేదాక
వీపు, మెడ, సంకలు, ఎంటికలు, గోర్ల సందులు.
ఎడమపక్కకు ఒరగబెట్టి మూతి కిందికి వంచినం,
సొంగ బయటికి కారనీ అని.

డబ్బా ఏది?
అలివేలు నేల చూసింది.
కడిగి గ్యాసునూనెకు పెట్టుకుందామని
చెట్టు కొమ్మకు తలకిందులు తలిగేసిందట.
మందు పేరు నాకు నోరు తిరగదు,
మూలకున్న తికోణం మాత్రం చదవొస్తది:
ఎరుపు.
కవర్ల చుట్టి బ్యాగుల ఏసుకున్న.

కల్వకుర్తి దవాఖానల మొదటి మాట డాక్టరుది కాదు,
చీటీ రాసెటోనిది.
"ఎంత అప్పున్నదమ్మా ఈనకు?"
ఉన్నది సారూ.
మా ఊర్ల అప్పు లేనిది కుక్కలకే.
అయినా ఈయన తాగలే.
మూడెకరాల కౌలు చేను, కారే పంపు, పద్నాలుగుసార్లు.
ఇంకోసారి చెప్పిన. రాసేదాక చెప్పిన.
డాక్టరమ్మ డబ్బా చూసి ఇంకేం అడగలే,
సూది మీద సూది.

రాత్రంత బెడ్డు పక్కన
అలివేలు, నేను, ఒక చాయ్ గ్లాసు.
గంటకోసారి రెప్ప లేపి చూస్తున్నం.
ఆవగింజ.
ఆవగింజ.
కొర్రగింజ అయినట్టు అనిపించి ఎవలం చెప్పుకోలే.
నాలుగు కొట్టంగ జొన్నగింజ.
అలివేలు నా ముంజెయ్యి గట్టిగ పట్టుకున్నది,
గోర్లు దిగినయి, ఏమనలే.

తెల్లారకముందు కుర్మూర్తి చేతులు లేపిండు,
గాలిల ఏదో ఏరుతున్నడు,
ఏరి ఏరి ఒల్లె దుప్పట్ల ఏసుకుంటున్నడు.
సూది మందు తిక్క, భయపడొద్దు అన్నది నర్సమ్మ.
అలివేలు ఆ రెండు చేతులు పట్టి రొమ్ము మీద పెట్టి
మెల్లగ చెప్తున్నది:
"ఇంక కాయ పగల్లేదయ్యా,
ఇప్పుడే ఏరకు."